బల్క్ క్యారియర్‌లో డెక్ క్యాడెట్‌గా ఎక్కబోతున్నా: తుప్పు గీకడం కాక ఇంకేం నేర్చుకోవాల?

ప్రొద్దుటూరు_క్యాడెట్:
అన్నలకు నమస్కారం. డీఎన్‌ఎస్ (నాటికల్ సైన్స్ డిప్లొమా) అయిపోయింది. ఇండోస్ (నావికుడి గుర్తింపు) నంబరు, సీడీసీ (నావికుడి పుస్తకం), ఎస్టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు అంతర్జాతీయ ఒప్పందం) కోర్సులు అన్నీ చేతిలో ఉన్నాయి. వచ్చే నెల బల్క్ క్యారియర్ (బొగ్గు, ఖనిజం లాంటివి విడిగా పోసుకుపోయే ఓడ) ఎక్కాల, డెక్ క్యాడెట్‌గా, అంటే ఆఫీసర్ శిక్షణలో. మా కడప పక్క ఓడ గురించి అడుగుదామంటే మనిషి దొరకడు, అందుకే ఇక్కడ రాస్తున్నా. 18 నెలలూ చిప్పింగ్ (తుప్పు గీకడం), పెయింటింగే అని కొందరు భయపెడుతున్నారు. డెక్ పనుల్లో రేపు ఆఫీసర్ అయినాక పనికొచ్చేది ఏది? టార్ బుక్ (శిక్షణ రికార్డు పుస్తకం) ఎట్లా నింపితే ఎంఎండీలో (ఆఫీసర్ పరీక్షలు పెట్టే సర్కారు ఆఫీసులో) ఇబ్బంది రాదు?

కర్నూలు_సెకండ్‌మేట్:
చిప్పింగ్ ఉంటాది తమ్ముడూ, తప్పదు. దాన్నైనా తెలుసుకుని చెయ్యి. తుప్పు కింద గట్టి ఇనుము తేలేదాకా గీకి, అంచులు పలచబరిచి, మంచినీళ్లతో కడిగి, ఆరినాక ప్రైమర్ వేయాల. ఉప్పు మిగిలితే పెయింటు కింద బుడగలు లేస్తాయి. అరిగిపోయిన పైపుల మీద, ట్యాంకు గోడల మీద సుత్తి వేసే ముందు బోసన్‌ను (డెక్ సిబ్బంది మేస్త్రిని) అడుగు, బొక్క పడితే పని రెండింతలు.

నా లెక్కలో క్యాడెట్‌కు అన్నిటికన్నా ఎక్కువ చదువు చెప్పేది సౌండింగ్. బ్యాలస్ట్ ట్యాంకుల్లో (ఓడ నిలకడకు నీళ్లు నింపేవి), హోల్డ్ బిల్జిల్లో (సరుకు గదుల అడుగున నీళ్లు చేరే గుంటలు) నీళ్లు ఎంతున్నాయో చూసే పని. చూసేదానికి టేపు వదిలి లాగడమే, తప్పులు మాత్రం బోలెడు.

బ్యాలస్ట్ నింపేటప్పుడు సౌండింగ్ పైపు మూత ఒక్కసారిగా విప్పొద్దు. లోపలి గాలి పోటుకు నీళ్లు మొహానికి కొడతాయి. ఒకటి రెండు మరలు వదిలి, ఈల శబ్దం ఆగినాక తియ్యి. నీటి గీత కనిపించేట్టు టేపుకు పేస్టు గానీ సుద్ద గానీ రుద్దు. టేపు చివరి ఇత్తడి గుండును జారవిడవొద్దు, మెల్లగా దించు. పైపు కింద స్ట్రైకర్ ప్లేటని ఒక రేకు ఉంటాది. రోజూ గుండు దెబ్బ తింటే అది పోతాది, ఆ తర్వాత ఓడ అడుగు రేకుకే దెబ్బ. ఇంకోటి: గుండు అడుగు తగిలినప్పుడు మొత్తం లోతు పట్టికలో ఉన్న లోతుతో సరిపోవాల. తక్కువ వస్తే కింద బురద పేరుకుంది, లేదా పైపులో ఏదో అడ్డం పడింది. ఆ రోజు నీ రీడింగ్ నమ్మేదానికి లేదు. ఓడ ఊగుతుంటే మూడు సార్లు చూసి సగటు రాయి. చివర్లో మూత బిగించు. వదులుగా వదిలేస్తే అల డెక్ మీదికి వచ్చిన రాత్రి సముద్రం నేరుగా ట్యాంకులోకి దిగుతాది.

అంకెలు చీఫ్ మేట్‌కు (కెప్టెన్ తర్వాతి ఆఫీసర్‌కు) ఇచ్చేసి వెళ్లిపోతే మాత్రం కూలి పని చేసినట్టే. సౌండింగ్ టేబుల్ తీసి, ఆ రోజు ట్రిమ్‌కు (ముందు, వెనక మునకల తేడాకు) సవరణ వేసి, క్యూబిక్ మీటర్లు నువ్వే కట్టి చూపించు. వెనక్కు ట్రిమ్ ఉన్న ఓడలో పైపు ట్యాంకు వెనక చివర ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తాది. ఆ తేడా ఎందుకో తెలిసిందంటే స్టెబిలిటీ సగం తలకెక్కినట్టే. హోల్డ్ బిల్జిలో నిన్నటికన్నా రెండు సెంటీమీటర్లు పెరిగినా వెంటనే చెప్పాల. హ్యాచ్ కవర్ రబ్బరు కారుతుండొచ్చు, బిల్జి లైన్ నాన్-రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కు రాకుండా ఆపేది) పట్టకపోవచ్చు, పక్క ట్యాంకు గోడ పగిలి ఉండొచ్చు.

సరుకు విషయంలో ఒకటి. మన మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) నీళ్లకన్నా నాలుగు రెట్లకు పైనే బరువు. అట్లాంటిది ఎత్తితే హోల్డులో సగం కూడా నిండదు, ఓడ మాత్రం లోడ్‌లైన్ (మునక హద్దు గీత) దాకా దిగిపోతాది. బరువంతా అడుగున చేరేసరికి జీఎం (ఓడ నిలకడ కొలత) పెరిగి ఓడ విసురుగా ఊగుతాది. ఒకేచోట కుప్ప పోస్తే ట్యాంక్‌టాప్ (హోల్డు నేల) మోయగలిగే హద్దు దాటుతాది. డ్రాఫ్ట్ సర్వే (ఓడ మునక చూసి సరుకు బరువు కట్టడం) జరిగే రోజు చీఫ్ మేట్ వెంటే ఉండు: ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా కలిపి ఆరు రీడింగులు, హైడ్రోమీటర్‌తో రేవు నీటి సాంద్రత. ఓడ పక్కల రాసిన మునక అంకెలు 10 సెంటీమీటర్ల ఎత్తువి, అంకె కింది అంచే ఆ మీటరు లెక్క. కొత్తవాళ్లు పై అంచు చదివి పది సెంటీమీటర్లు తప్పిస్తారు.

అనంత_చీఫ్‌మేట్:
సౌండింగ్ గురించి పైన చెప్పింది సరైనదే. ఒక్కటి కలుపుతా: పైపు నుంచి చూడటం వేరు, ట్యాంకులోకి దిగడం వేరు. తుప్పు పట్టే ఇనుమే మూసిన ట్యాంకులో ఆక్సిజన్ తినేస్తుంది. పర్మిట్ లేకుండా, మీటరులో ఆక్సిజన్ 20.8 శాతం దగ్గర చూపించకుండా, బయట కాపలా మనిషి లేకుండా ఎవరు దిగమన్నా దిగవద్దు. లోపల ఎవరైనా పడిపోయి కనిపించినా వెంట దూకకుండా ముందు అలారం కొట్టండి.

టార్ బుక్: సంతకాలు నెలనెలా అయిపోవాలి. ఆఫీసర్ దిగిపోయాక ఆయన చూసిన పనికి ఇంకొకరు సంతకం పెట్టరు, పెట్టినా చెల్లదు. సైన్ ఆన్, సైన్ ఆఫ్ (ఓడ ఎక్కిన, దిగిన) తేదీలు సీడీసీలో, టార్ బుక్‌లో, మాస్టర్ ఇచ్చే సర్టిఫికెట్‌లో ఒకేలా ఉన్నాయో లేదో ఓడ దిగకముందే చూసుకోండి. ఒక్క రోజు తేడా ఉన్నా కౌంటర్ దగ్గర ఆగిపోతారు. బ్రిడ్జి వాచ్ (ఓడ నడిపే గదిలో డ్యూటీ) కనీసం 6 నెలలు ఉన్నట్టు విడిగా రాయించుకోవాలి. ఆమోదిత శిక్షణ, రికార్డు పుస్తకం లేకుండా వచ్చేవాళ్లకు ఎస్టీసీడబ్ల్యూ 36 నెలల సీ టైమ్ అడుగుతుంది. ఆ పుస్తకం విలువ అంత.

ప్రొద్దుటూరు_క్యాడెట్:
చాలా థ్యాంక్స్ అన్నా. పైలట్ లాడర్ (రేవు పైలట్ ఓడ ఎక్కే తాడు నిచ్చెన) కట్టే పని క్యాడెట్‌కే వస్తాదంట కదా, అందులో ఏం చూసుకోవాల?

అనంత_చీఫ్‌మేట్:
నీటి నుంచి ఎక్కే ఎత్తు 9 మీటర్లు దాటితే ఒక్క నిచ్చెన చాలదు, అకామడేషన్ లాడర్‌తో (ఓడ పక్కన దించే మెట్ల వరసతో) కలిపి కట్టాలి. మెట్లు అడ్డంగా సమంగా ఉండాలి. అడుగు నుంచి 5వ మెట్టు పొడవాటి స్ప్రెడర్ (నిచ్చెన మెలిపడకుండా ఆపే మెట్టు), అది కనీసం 1.8 మీటర్లు. నిచ్చెన పొడవు తగ్గించడానికి షాకిల్ (ఇనుప బిగింపు కడియం) వేసి బిగిస్తే మెట్లను పట్టే కట్లు నలిగిపోతాయి. పక్క తాళ్లకు రోలింగ్ హిచ్ (జారని ముడి) వేసి డెక్ మీది బలమైన కొక్కేలకు కట్టాలి. పైకి లాగే తాడు చివరి స్ప్రెడర్‌కు కిందగా పోకూడదు, పైలట్ బోటుకు చిక్కుతుంది. దగ్గర్లో లైటున్న లైఫ్‌బాయ్, హీవింగ్ లైన్ (విసిరే తాడు) ఉంచండి.

గుత్తి_నాన్న:
మా వాడు ఇంటర్ ఎంపీసీ. ఓడ ఎక్కిస్తామని ఒక ఏజెంటు 6 లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా సార్?

కర్నూలు_సెకండ్‌మేట్:
ఇవ్వొద్దు సార్. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం ఎంఎల్‌సీ 2006 (నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారమే నిషేధం. ఏజెన్సీకి ఆర్‌పీఎస్ఎల్ (నావికుల నియామక లైసెన్సు) నంబరు ఉందేమో డీజీ షిప్పింగ్ (కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్) వెబ్‌సైటులో చూడండి. సరైన దారి ఐఎంయూ సెట్ (మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) రాసి ఆమోదం ఉన్న కాలేజీలో డీఎన్‌ఎస్ గానీ బీఎస్సీ నాటికల్ గానీ చేరడం. ఫీజు కట్టకముందే డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టరు దగ్గర కళ్లు చూపించండి. రంగులు గుర్తుపట్టే పరీక్షలో తప్పితే డెక్ సైడు కుదరదు, ఎరుపు, ఆకుపచ్చ దీపాలు చూసే రాత్రిపూట ఎదుటి ఓడ ఎటు పోతోందో తెలుసుకోవాల.