నలుగురం కలిసి ప్యాకేజీలు చేసుకోవడానికి గిట్ రిపో ఎలా పెట్టుకోవాలి?

నెల్లూరు_లినక్స్:
మేం నలుగురం తెలుగు ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్‌లను డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) ప్యాకేజీలుగా చేస్తున్నాం. ఇద్దరం నెల్లూరు, ఒకరు కావలి, ఒకరు కందుకూరు. కాలేజీ ల్యాబ్‌లో పక్కన పడేసిన డెస్క్‌టాప్‌నే సర్వర్ చేసి గిట్ రిపో (అందరి ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర దాచే చోటు) పెట్టాం. అందరికీ లాగిన్ ఉంది, అందరం ఒకే గ్రూపులో ఉన్నాం. అయినా కావలి అన్న పుష్ చేస్తే (తన మార్పులు సర్వర్‌కి పంపితే) ఒకసారి వెళ్తుంది, ఇంకోసారి పర్మిషన్ లేదంటుంది. అదే మనిషి, అదే రిపో! ఏంది సామీ ఇది?

ఒంగోలు_టెర్మినల్:
ఒకసారి వెళ్లి ఇంకోసారి వెళ్లకపోవడంలోనే కిటుకు ఉంది తమ్ముడూ. రిపోలో గిట్ తన డేటా దాచుకునే ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ తెరిచి చూడు. లోపల రెండేసి అక్షరాల పేర్లతో చిన్న ఫోల్డర్లుంటాయి, 256 దాకా రావచ్చు. చిన్న పుష్ అయితే అందులోని ఒక్కో ఆబ్జెక్టూ దాని హ్యాష్‌లో (లోపలి డేటా నుంచి లెక్కగట్టిన గుర్తింపు కోడ్‌లో) మొదటి రెండు అక్షరాలను బట్టి ఆ పేరున్న ఫోల్డర్‌లోకి పోతుంది. ఏ ఫోల్డర్ ఎవరి పుష్‌తో పుట్టిందో దానికి వాళ్లే ఓనరు. నీ పుష్‌తో పుట్టిన దాంట్లోకి కావలి అన్న ఆబ్జెక్టు పడాల్సొస్తే ఎర్రర్. కొత్త ఫోల్డర్ అయితే హాయిగా వెళ్లిపోతుంది.

రిపో మొదలుపెట్టేటప్పుడే బేర్ (పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే రిపో) ఆప్షన్‌తో పాటు షేర్డ్ గ్రూప్ అని కూడా ఇవ్వాలి. ఇప్పటికే పెట్టేశారు కాబట్టి కాన్ఫిగ్‌లో కోర్ షేర్డ్‌రిపాజిటరీని గ్రూప్ చేయండి. తర్వాత పాత ఫైళ్లన్నిటికీ గ్రూపు మార్చి, గ్రూపుకి రాసే హక్కు ఇచ్చి, ఫోల్డర్లన్నిటికీ సెట్‌జిఐడి (లోపల కొత్తగా పుట్టేవి కూడా అదే గ్రూపులో ఉండేలా చేసే గుర్తు) పెట్టండి. లాంగ్ లిస్టింగ్‌లో గ్రూపుకి ఎక్స్ ఉండే చోట ఎస్ కనపడితే పని అయినట్టే.

కావలి_కీబోర్డు:
ఆ కావలి అన్నను నేనే 😀 నా పాస్‌వర్డ్‌ మీద అనుమానంతో రెండుసార్లు మార్పించారు వీళ్లు.

సర్వర్_సుబ్బయ్య:
అసలు నలుగురికి నాలుగు లాగిన్లు దేనికి? గిట్ పేరుతో ఒకే అకౌంటు పెట్టి, అందరి ఎస్ఎస్‌హెచ్ పబ్లిక్ కీలు (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే కీల జతలో బయటికి ఇవ్వదగ్గవి) అందులో వేయండి. ఎవరికి ఏ రిపో అన్నది గిటోలైట్ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. ఓనర్ గొడవే ఉండదు. 2022లో గిట్‌లో సేఫ్ డైరెక్టరీ నిబంధన వచ్చాక, వేరొకరి పేరున ఉన్న రిపోను ముట్టుకుంటే ఓనర్‌షిప్ అనుమానంగా ఉందంటూ ఆగిపోవడం మొదలైంది. ఆ తలనొప్పీ తప్పుతుంది.

డెబ్_అక్క:
పర్మిషన్లు ఒక పూట పని. బ్రాంచీల (ఒకే రిపోలో విడివిడిగా నడిచే పని వరుసల) సంగతి ముందే మాట్లాడుకోకపోతే నెలల తరబడి తంటా. ప్యాకేజీకి ఒక రిపో, అందులో మూడు బ్రాంచీలు. అసలు సోర్స్‌కి అప్‌స్ట్రీమ్, మన పనికి డెబియన్/లేటెస్ట్, మూడోది ప్రిస్టైన్-టార్. ఈ మూడోదాన్నే అందరూ పుష్ చేయడం మరిచిపోతారు. అసలు టార్ ఫైలును (సోర్స్ అంతా కట్టిన మూటను) ఒక్క బైటు తేడా లేకుండా మళ్లీ తయారుచేసేది అదే. ఒకసారి డెబియన్ ఆర్కైవ్‌లోకి ఎక్కిన టార్‌కి, తర్వాత అదే వెర్షన్‌తో పంపే టార్‌కి చెక్‌సమ్ కలవకపోతే అప్‌లోడ్ రిజెక్ట్. మామూలు గిట్ పుష్ కాకుండా జిబిపి (గిట్‌తో డెబియన్ ప్యాకేజీలు చేసే టూల్) పుష్ వాడితే బ్రాంచీలు, ట్యాగులు కలిసి వెళ్తాయి. తెచ్చుకునేటప్పుడు జిబిపి క్లోన్.

ఇంకోటి, ఛేంజ్‌లాగ్, అంటే వెర్షన్‌వారీ మార్పుల జాబితా. అందరూ పైన ఒకే చోట రాస్తారు కాబట్టి మెర్జ్ చేసిన ప్రతిసారీ కాన్‌ఫ్లిక్టే. మా టీమ్‌లో మామూలు కమిట్లలో దాన్ని ముట్టుకోం. రిలీజ్ చేసేవాళ్లు చివర్లో జిబిపి డిసిహెచ్‌తో కమిట్ మెసేజ్‌ల నుంచి రాయిస్తారు. కమిట్ మెసేజ్ సరిగ్గా రాయనివాళ్ల బండారం అక్కడే బయటపడుతుంది.

సర్వర్_సుబ్బయ్య:
అక్కా, వీళ్లు నేరుగా సల్సాకి (డెబియన్ వాళ్ల గిట్ సర్వర్‌కి) వెళ్తే పోలా? ఈ డెస్క్‌టాప్ యాతన ఎందుకు?

డెబ్_అక్క:
డెబియన్‌లోకి పంపే ఉద్దేశం ఉంటే అదే మేలు. 2018లో పాత ఆలియోత్ సర్వర్ స్థానంలో వచ్చిన గిట్‌ల్యాబ్ అది, ఎవరైనా అకౌంటు తీసుకోవచ్చు. ఫాంట్ల టీమ్ కూడా అక్కడే ఉంది. పుష్ చేయగానే బిల్డు చేసి, లింటియన్ (ప్యాకేజీలో తప్పులు పట్టే టూల్) నడిపించే ఏర్పాటు రెడీగా దొరుకుతుంది. ల్యాబుల్లో వాడుకోవడం వరకే అయితే మీ డెస్క్‌టాప్ చాలు.

ఒంగోలు_టెర్మినల్:
చాలు గానీ, నవంబరు, డిసెంబరుల్లో మన దగ్గర తుఫాను వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. వేరే ఊళ్లో ఇంకో సిస్టమ్ మీద మిర్రర్ క్లోన్ (రిపోకి పూర్తి నకలు) పెట్టి, రోజూ క్రాన్‌తో (టైముకి పని నడిపించే ఏర్పాటుతో) అప్‌డేట్ చేయించండి.

నెల్లూరు_లినక్స్:
ఎస్ కనపడింది, కావలి అన్న పుష్ వెళ్లింది. అక్క చెప్పినట్టే ప్రిస్టైన్-టార్ బ్రాంచి నా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది, ఇప్పుడే పంపించా. మిర్రర్‌కి మీ ఒంగోలు సిస్టమ్ వాడుకోవచ్చా అన్నా?

ఒంగోలు_టెర్మినల్:
వాడుకో తమ్ముడూ. కీ పంపు. పబ్లిక్ కీ! పోయినసారి ఒకాయన ప్రైవేట్ కీ వాట్సాప్ చేశాడు.