ప్రభుత్వ నిధులతో ఇంజనీరింగ్ చదువు నిజంగా మెరుగవుతుందా?

ప్రశ్న (గాజువాక నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయి మెకానికల్ రెండో సంవత్సరం. సాంకేతిక విద్య మెరుగుపరచడానికి తెచ్చిన 'మెరైట్' పథకానికి కేంద్రం 2025లో రూ.4,200 కోట్లు ఆమోదించింది కదా, అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పు. ఆ డబ్బు పిల్లల దాకా వస్తుందా? ఇదే టెన్షన్.

జవాబు (మద్దిలపాలెం, రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగి):
వస్తుందండి, కానీ మెషిన్ కొనడంతో పని అయిపోదు. స్టీలు కడ్డీని లాగి తెంచే టెస్టింగ్ మెషిన్ ఉంటుంది చూడండి, నేను పనిచేసిన చోట కొత్తది వచ్చింది. మన విశాఖ ఉప్పు గాలికి కడ్డీని పట్టుకునే దాని దవడలు తుప్పు పట్టాయి. మరమ్మతుకు పద్దే లేదు! ఒక్కరు కడ్డీ బిగిస్తే మిగతావాళ్లంతా రీడింగులు రాసుకునేవారు. కడ్డీ మధ్యలో సన్నబడి ఠప్పున తెగడం ప్రతి పిల్లా దగ్గరుండి చూడాలి, లేకపోతే అది చదువే కాదు.

ఇక మనుషుల సంగతి. ఇంతకుముందు ఇంజనీరింగ్ చదువు నాణ్యత పెంచడానికి కేంద్రం నడిపిన టెకిప్ ప్రాజెక్టు మూడో దశలో వెనకబడిన రాష్ట్రాల కాలేజీలకు ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో చదివినవాళ్లను పాఠాలు చెప్పడానికి కాంట్రాక్టు మీద పంపారు. 2021లో ప్రాజెక్టు ముగిసింది, వాళ్ల కాంట్రాక్టులూ ముగిశాయి. ఈ పద్ధతి మారాలి.

జవాబు (కంచరపాలెం, పాలిటెక్నిక్ లెక్చరర్):
సార్ చెప్పింది నిజం. ఒక్క మాట: మెరైట్ 275 సంస్థలకే, వాటిలో 100 పాలిటెక్నిక్‌లు. మీ కాలేజీ అందులో ఉందో లేదో ముందు కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అండి. సోమవారం ప్రిన్సిపాల్‌గారిని కలిసి, మరమ్మతుల పద్దు గురించి కూడా అడుగుతాను.