సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో బాబుని చేర్చాలి, ఫారం ముందుకెళ్లట్లేదు

ప్లేనో నాన్న: రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాను, ఒంటిగంట దాటింది. మావాడికి విమానాల పిచ్చి. ఇక్కడ అమెరికాలో ఎయిర్ ఫోర్స్‌కి అనుబంధంగా ఉండే సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో క్యాడెట్‌గా చేరుద్దామని ఫారం నింపుతుంటే పుట్టినతేదీ దగ్గరే ఆగిపోతోంది. బ్రౌజర్ మార్చాను, ఫోన్‌లోనూ చూశాను, అదే కథ. దగ్గర్లో ఉన్న స్క్వాడ్రన్‌కి, అంటే వాళ్ల స్థానిక శాఖకి, రెండు మెయిళ్లు పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. అసలు పైలట్ లైసెన్స్ ఎన్నేళ్లకి చేతికిస్తారు?

బేగంపేట 84: మా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఈ ఫారాల గోల లేదు. బూటు పాలిష్‌లో ముఖం కనబడకపోతే గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు. ఇదీ అమెరికా ఎన్‌సీసీయే. ముందు వాడి చేత బూట్లు పాలిష్ చేయించండి.

క్యాడెట్ అమ్మ: ఎన్‌సీసీ వేరు అంకుల్, దాన్ని నడిపేది రక్షణ శాఖ. ఇది 1941 డిసెంబరు 1న, పెర్ల్ హార్బర్ దాడికి ఆరు రోజుల ముందు మొదలైంది. ఎయిర్ ఫోర్స్‌కి అనుబంధమే గానీ స్క్వాడ్రన్లు నడిపేది జీతం లేని వాలంటీర్లు. పగలు వాళ్లకీ ఉద్యోగాలుంటాయి, మెయిల్ చూసే తీరిక ఎక్కడిది? వారానికోసారి సాయంత్రం మీటింగు ఉంటుంది, బాబుని తీసుకుని నేరుగా వెళ్లండి.

లైసెన్స్ అంటారా, అది ఇవ్వరు. 18 లోపు పిల్లలకి ఓరియంటేషన్ ఫ్లైట్లు, అంటే ఎగరడం పరిచయం చేసే ప్రయాణాలు ఉంటాయి. ఇంజన్ విమానంలో ఐదు, ఇంజన్ లేని గ్లైడర్‌లో ఐదు, డబ్బు తీసుకోరు. మా అమ్మాయి మొదటిసారి సెస్నా అనే చిన్న విమానంలో ముందు సీట్లో కూర్చుంది. పైలట్ కాసేపు కంట్రోల్ పట్టుకోనిచ్చాడట. దిగాక అరచేతులు చూపించింది, చెమటతో తడిసిపోయాయి.

బేగంపేట 84: అనుబంధమంటే ఎయిర్ ఫోర్సే కదమ్మా.

క్యాడెట్ అమ్మ: కాదండీ. చేరినంత మాత్రాన సైన్యంలో చేరినట్టు కాదు. తర్వాత చేరాలన్న షరతూ లేదు.

బేగంపేట 84: యూనిఫాం వేసుకుని సెల్యూట్ కొడితే మరేమంటారో.

రెండు ముక్కలు: బాబు వయసు?

ప్లేనో నాన్న: ఆరో క్లాసండీ. అక్టోబరుకి 12 వస్తాయి.

రెండు ముక్కలు: 12 నిండాలి.

ప్లేనో నాన్న: ఓహ్. దీనికా నాలుగు గంటలు కొట్టుకున్నాను! థాంక్సండీ. మంగళవారం మీటింగుకి ఊరికే చూడ్డానికి తీసుకెళ్తాను.

బేగంపేట 84: అమ్మా, అక్కడ గ్లైడర్‌ని వించితో, అంటే నేల మీద తాడు చుట్టే యంత్రంతో లేపుతారా, విమానానికి కట్టి లాగుతారా? మాకు వించి ఉండేది.