సమస్యాపూరణం: బంతి బుట్టఁ జేరఁ బసిడి జారె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, "బంతి బుట్టఁ జేరఁ బసిడి జారె". బంతి బుట్టలో పడితే పసిడి చేతికి రావాలి గానీ జారడమేమిటి? చిక్కంతా అక్కడే. సందర్భం 2024 ఆగస్టు 11, పారిస్ ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్. సెమీస్‌లో అమెరికా 85-64తో ఆస్ట్రేలియాను చిత్తు చేసింది. ఫ్రాన్స్ ఓవర్‌టైమ్ ఆడి బెల్జియం నుంచి గట్టెక్కింది. అది చూసి "అమెరికాదే, ఇరవై తేడా ఖాయం" అని తేలిగ్గా అనేసినవాళ్లు మనలోనూ ఉన్నారు. గెలిచేదెవరో సరిగ్గానే చెప్పారు. స్కోరు మాత్రం 67-66! ఆ జోస్యానికీ ఆ ఒక్క పాయింటుకూ మధ్య ఏం జరిగిందో పద్యంలో చూపండి.

గుంటూరు సభ్యురాలు:
గీత తాకె కాలు గేబి విల్యమ్సుది,
మూడు కాదు, రెండె; ముగిసె నాట;
పారిసంత లేచి పండుగ చేయంగ
బంతి బుట్టఁ జేరఁ బసిడి జారె.

నిర్వాహకుడు:
బాగుందమ్మా. రెండో పాదం ప్రాణం పోసింది. ఆఖరి బంతి వేసేటప్పుడు ఫ్రాన్స్ క్రీడాకారిణి గ్యాబీ విలియమ్స్ షూ ముందుభాగం మూడు పాయింట్ల గీత మీద ఉంది, అందుకే రెండే పాయింట్లు వచ్చాయి. వేలెడు వెనక ఉంటే స్కోరు సమమై ఓవర్‌టైమ్ నడిచేది. దాన్ని ఐదు గణాల్లో చెప్పేశారు. 'గ్యాబీ' యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) కోసం 'గేబి' అయింది, అది నాకు కొంచెం ఇబ్బందే. ఆమె ఆ రోజు 19 పాయింట్లు చేసింది. అంత ఆడిన మనిషి పేరు వంచకుండా ఉంటే బాగుండేది.

హనుమకొండ సభ్యుడు (కొత్త):
అరువదొక్క గెలుపు లమెరికా సొంతమ్ము,
చూడకుండ చెప్పు మాట యదియె;
ఫ్రాన్సు పోరె నంత బంతిబంతికి నిల్చి,
బంతి బుట్టఁ జేరఁ బసిడి జారె.

నిర్వాహకుడు:
స్వాగతం తమ్ముడూ. గణాలు సరిపోయాయి. రెండో పాదంలో యతి తప్పింది: 'చూ'కి 'మా' కుదరదు. "చూడకుండ చెప్పు జోస్య మదియె" అనండి, యతీ నిలుస్తుంది, జోస్యం మాటా పద్యంలోకి వస్తుంది. ఇంకొకటి. జోస్యం చెప్పేనాటికి వరస గెలుపులు 60. 61వది ఈ ఫైనలే. కాబట్టి "అరువదైన గెలుపు" అనాలి. మూడో పాదం నాకు చాలా నచ్చింది. సగం ఆటకు 25-25, మూడో క్వార్టర్‌లో ఫ్రాన్స్ పది పాయింట్లు ముందుంది. బంతిబంతికీ నిలబడ్డారన్నది అక్షరాలా నిజం.

హనుమకొండ సభ్యుడు:
రెండూ సరిదిద్దుకున్నాను మాస్టారూ. 1992 బార్సిలోనా సెమీస్ తర్వాత ఒలింపిక్స్‌లో ఓటమే ఎరగని జట్టు కదా, 61 అన్న అంకె మనసులో నాటుకుపోయింది.

డాలస్ సభ్యుడు:
మూడు తేడ యనుచు ముందె పందెము వేసి
యుంగరమ్ము నొడ్డె నొక్కడచట;
గంట కొట్టు వేళ గణితమే మారెను,
బంతి బుట్టఁ జేరఁ బసిడి జారె.

గుంటూరు సభ్యురాలు:
అన్నయ్యా, అద్భుతం! అమెరికా క్రీడాకారిణి కాపర్ రెండు ఫ్రీ త్రోలూ వేశాక 67-64, సరిగ్గా మూడే తేడా. ఇంక నాలుగు సెకన్లు కూడా లేవు. పందెం గెలిచేశాననుకున్నవాడి ఉంగరం ఆ చివరి బంతితో పోయింది! పసిడి అంటే పతకమే అని మేమంతా కట్టుబడిపోయాం.

నిర్వాహకుడు:
సమస్యను విడదీసిన తీరులో ఇదే మేటి. గెలిచే జట్టును సరిగ్గా చెప్పినవాడే ఓడిపోయాడు, అదీ అమెరికా గెలిచిన క్షణంలోనే. కానీ ఒక లోటు ఉంది. ఏ ఆటో, ఏ ఊరో పద్యంలో లేదు. సందర్భం చెప్పకపోతే ఏ ఊరి పోటీకైనా అతుకుతుంది. 21 పాయింట్లు, 13 రీబౌండ్లతో అమెరికాను నిలబెట్టిన అయెజా విల్సన్ కూడా ఇంతవరకూ ఏ పూరణలోనూ రాలేదు. మొదటి స్థానం డాలస్ పూరణకే ఇస్తున్నాను. విల్సన్ మీద పద్యం వచ్చేదాకా ఈ సమస్య తెరిచే ఉంటుంది.