నాయశరగసార... 18వ అక్షరం ‘సు’నా, ‘శు’నా?

భీమవరం ల్యాబ్:
పెద్దలకి నమస్కారం. నంది తిమ్మన గారి పారిజాతాపహరణంలో ఎటునుంచి చదివినా ఒకటే వచ్చే కందం ఉంది కదండీ. రెండో ఏడాది పిల్లలకి పైథాన్‌లో స్ట్రింగులూ (అక్షరాల వరసలు) లిస్టులూ (విడి ముక్కల వరసలు) చెబుతున్నాను. ఎప్పుడూ ఆ ఇంగ్లీషు ‘మేడమ్’ ఉదాహరణేనా అని, ఈసారి ఈ పద్యం ఇద్దామనుకున్నా. చిన్నప్పుడు విన్నది, నోట్లో ఇలా ఆడుతోంది:

నాయశరగసారవిరయ
తాయనజయసారశుభగధరధీనియమా
మాయనిధీరధగభసుర
సాయజనయతాయరవిరసాగరశయనా

అక్షరాలుగా విడగొట్టి లిస్టులో పోసి, తిరగేసి పోల్చితే ఫాల్స్ వస్తోంది. పద్యం మొత్తం 52 అక్షరాలు. తేడా ఒక్క జంట దగ్గరే: 18వది ‘శు’, దానికి అద్దంలో పడాల్సిన 35వది ‘సు’. లెక్క సున్నా నుంచి కాబట్టి లిస్టులో 17, 34 స్థానాలు; 34నే వెనక నుంచి లెక్కిస్తే -18. ఏది సరైన పాఠం?

రాజోలు:
మాస్టారూ, అసలు విడగొట్టింది ఎలాగ? ఉత్త స్ట్రింగుకి తిరగేసే [::-1] తగిలిస్తే తిమ్మన గారే కాదు, వికటకవి కూడా ఫెయిలే. ‘వికటకవి’లో మనకి కనబడేది అయిదు అక్షరాలు, కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్‌కి ఏడు: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే ముందు దిక్కులేని గుడి ఒకటి నిలబడుతుంది, చివర ‘కివ’ వస్తుంది. గుడి హల్లు వెనకాల ఉండాల్సింది, తిరగేశాక పక్క హల్లుని పట్టుకుంటుంది.

భీమవరం ల్యాబ్:
అలా చెయ్యలేదండీ. గుణింతపు గుర్తు వస్తే లిస్టులో చివరి ముక్కకి అతికించాను, హల్లు వస్తే కొత్త ముక్క మొదలెట్టాను. లెన్ (పొడవు) అడిగితే ఉత్త స్ట్రింగు 70, లిస్టు 52. కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 రూపంలో 210 బైట్లు. పిల్లలకి ఈ మూడు అంకెలూ బోర్డు మీద రాస్తేనే సగం పాఠం అయిపోయింది.

తణుకు (ప్రస్తుతం హైదరాబాదు):
మీ కోడ్ ఈ పద్యానికి సరిపోయిందంటే అది తిమ్మన గారి చలవ. నాలుగు పాదాల్లో ఒక్క ఒత్తు లేదు, ఒక్క సున్న లేదు, చూసుకోండి. అదే కోడ్‌కి మా ద్రాక్షారామాన్ని ఇవ్వండి. యూనికోడ్ లెక్కలో 12 కోడ్‌పాయింట్లు, నాలుగే అక్షరాలు: ద్రా, క్షా, రా, మం. పొల్లు వచ్చినప్పుడు దాని వెనకాల హల్లుని కూడా కలుపుకోకపోతే ‘క్’ ఒక చోట, ‘షా’ ఒక చోట పడతాయి. అక్షరాలుగా విడగొట్టిపెట్టే గ్రాఫీమ్ లైబ్రరీ ఉంది కదా అని ధీమా పడొద్దు. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ఆ నియమాలు ‘క్ష’ని రెండుగా తెంచేవి. తెలుగు పొల్లుతో ముడిపడ్డ హల్లుల్ని విడదీయకూడదన్న నియమం అప్పుడొచ్చింది. మీ లైబ్రరీ ఏ వెర్షన్ పట్టికలు వాడుతోందో చూసుకోండి. నెట్‌లోంచి కాపీ కొట్టిన పద్యమైతే కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరి ఉండొచ్చు, అది కూడా లెన్‌లో ఒకటి.

పాలకొల్లు:
లెన్‌లూ బైట్లూ తర్వాత. ప్రశ్న ‘శు’ గురించి. నా ఓటు ‘శుభగ’కి. కోస్తాలో ‘శుభం’ని ‘సుబం’ అనేవాళ్లం మనం. అలా పలికే చెయ్యే ఎక్కడో ‘సు’ అని ఎక్కించి ఉంటుంది.

రాజోలు:
అచ్చు పుస్తకాల్లో ‘సుభగ’ అనే చదివాం అండీ. సుభగ అంటే మనోహరం, ఎరిగిన మాటే. దాన్ని తిప్పితే ‘గభసు’, ఆ పక్కన ‘ర’. అంటే చెవికి ‘సుర’ తగులుతుంది. మీ పాఠంలో అక్కడ ‘శుర’ రావాలి. ‘శుర’ ఏంటండీ?

పాలకొల్లు:
చిత్రకవిత్వంలో అర్థం ముందు చూస్తే ఎలాగ? ముందు చిత్రం, తర్వాతే అన్వయం. పైగా మీ యంత్రాన్నే అడగండి. రెండు చోట్లా ‘శు’ పెట్టి నడపండి, ట్రూ అంటుంది.

భీమవరం ల్యాబ్:
నడిపాను. రెండు చోట్లా ‘సు’ పెట్టినా ట్రూ, రెండు చోట్లా ‘శు’ పెట్టినా ట్రూ. అసలు ఇబ్బంది అదేనండి. 17వ ముక్కా -18వ ముక్కా ఒకటేనా కాదా అని చెబుతుంది గానీ, తిమ్మన గారు ఏం రాశారో దానికేం తెలుసు.

తణుకు (ప్రస్తుతం హైదరాబాదు):
ఛందస్సు కూడా చేతులెత్తేసింది. రెండూ లఘువులే కాబట్టి గణం కదలదు. రెండో పాదంలో యతి ‘తా’కీ ‘ధరధీ’లో ‘ధ’కీ. ప్రాస ‘య’. అంటే మన అక్షరం ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగదు. పోనీ యతిస్థానంలో ఉన్నా లాభం లేదు, శ-స లకి మైత్రి చెల్లుతుంది.

అంతర్వేది:
ఆయ్, మీరంతా పొరపడ్డారు. పాదభ్రమకం అంటే ‘ధీరశయనీయశరధీ’ పద్యం. ఏ పాదానికి ఆ పాదమే తిరగబడుతుంది. పిల్లలకి అదిస్తే ఒక్కో లైను విడిగా పరీక్షించుకుంటారు.

రాజోలు:
అదీ తిమ్మన గారిదే, అదే కావ్యం. కానీ మాస్టారు అడిగింది అది కాదు. ఇందులో పాదానికి పాదం తిరగబడదు, మొదటి పాదం వెళ్లి నాలుగో పాదం తోక మీద పడుతుంది. ‘నాయశరగసారవిరయ’ తిప్పితే ‘యరవిరసాగరశయనా’. కందంలో బేసి పాదం చిన్నది, సరి పాదం పెద్దది. అందుకే ఇందులో అక్షరాలు 10, 16, 10, 16గా పడ్డాయి. పాదాల హద్దులు ఒకదాని మీద ఒకటి పడవని తెలిసీ ఇలా కుదర్చడం ఉంది చూశారూ, అక్కడ నేను పడిపోతాను. ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు అని ఊరికే అన్నారా.

అంతర్వేది:
ధీరశయనీయలో మొదటి పాదం తొమ్మిది అక్షరాలు, నడిమధ్య ‘నీ’ ఒంటరిది. దానికి జోడీ అక్కర్లేదు. బేసి పొడవు స్ట్రింగు చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ ఉందా?

భీమవరం ల్యాబ్:
ఉంచుకుంటాను, అంతర్వేది గారూ. ఈలోగా సరదాకి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేసే కౌంటర్‌లో పోసి చూశాను. 52 అక్షరాల్లో వేరువేరువి 16 మాత్రమే. ‘య’ పదిసార్లు, ‘ర’ పదిసార్లు. ‘గ’, ‘సా’ నాలుగేసి. మిగతావన్నీ రెండేసి, అంటే సగానికి ఒక్కటి. మన ‘సు’ ఆ రెండేసి వాటిలోదే.

పాలకొల్లు:
‘శు’ అనండి.

కడియం:
ఇంతసేపు తిరగేయడం గురించి మాట్లాడారు, అవధానం మాట ఎవరూ ఎత్తలేదేంటి? వ్యస్తాక్షరి కన్నా గట్టి డేటా స్ట్రక్చర్ ఎక్కడుంది! ప్రశ్నలడిగే పృచ్ఛకుడు ‘ఏడో అక్షరం ఫలానా’, కాసేపాగి ‘రెండో అక్షరం ఫలానా’ అని వరస తప్పించి ఇస్తాడు. మధ్యలో సమస్య, దత్తపది, పక్కన అప్రస్తుత ప్రసంగం. చివర్లో అవధాని వాక్యం మొత్తం వరసగా అప్పజెప్పాలి. మా ఊళ్లో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వారు ఇవన్నీ నవ్వుతూ చేశారు.

భీమవరం ల్యాబ్:
చెళ్లపిళ్ల వారితో పాటు దివాకర్ల తిరుపతిశాస్త్రి గారి పేరూ చెప్పాలండి. ఆయనది మా దగ్గరి యండగండి. తిరుపతి వేంకట కవుల జంటలో సగం మాది.

కడియం:
సగం కాదన్నదెవరు? సరే, మీ పిల్లలకి వ్యస్తాక్షరి రాయమంటే ఏం పెడతారు?

తణుకు (ప్రస్తుతం హైదరాబాదు):
డిక్షనరీ. అంకె కీ, అక్షరం విలువ. ఏ వరసలో వచ్చినా పడేస్తే చాలు.

కడియం:
తప్పు. పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ పెట్టిన వరసనే గుర్తుంచుకుంటుంది. చివర్లో ఊరికే చదివితే పృచ్ఛకుడు కలగాపులగం చేసి ఇచ్చిన వరసే బయటికొస్తుంది. ధారణ పోయినట్టే.

తణుకు (ప్రస్తుతం హైదరాబాదు):
కీలని సార్ట్ చేసి చదవాలి, అది వేరే చెప్పాలా? లిస్టు పెట్టి ఇన్సర్ట్ వాడితే మాత్రం కొంప మునుగుతుంది. ముందు పడ్డవి పక్కకి జరిగిపోతాయి, ఏడోది ఎనిమిదో చోటికి పోతుంది.

కడియం:
ఇన్సర్ట్ అన్నదెవరు? ఎన్ని అక్షరాలో ముందే చెబుతాడుగా. అన్ని ఖాళీ గళ్లతో లిస్టు వేసుకుని, అంకెలోంచి ఒకటి తీసి ఆ గడిలో పెట్టాలి. ఏ గడి ఇంకా ఖాళీగా ఉందో కూడా కనబడుతుంది. అవధాని బుర్రలో ఉన్నది అదే అని నా నమ్మకం.

రాజోలు:
గడిలో పెట్టేటప్పుడు మళ్లీ మొదటి సంగతే వస్తుంది. పృచ్ఛకుడు ‘క్షా’ అంటే అది ఒక్క గడి. పొల్లుకో గడి, దీర్ఘానికో గడి అవధాని కేటాయించడు. పాత పండితులకి అక్షరం అంటే ఏమిటో యూనికోడ్ వాళ్లకంటే ముందే తేలిపోయింది.

భీమవరం ల్యాబ్:
అయ్యా, రేపు ల్యాబ్. స్ట్రింగులో ఒక్క అక్షరం దిద్దబోతే టైప్ ఎర్రర్ అని, లిస్టులో అయితే దిద్దొచ్చని ఈ పద్యంతోనే చూపిద్దామని నా ప్లాను. 17వ ముక్కని ‘సు’ చెయ్యమననా, 34వ ముక్కని ‘శు’ చెయ్యమననా?

పాలకొల్లు:
34ని ‘శు’.

రాజోలు:
17ని ‘సు’. అచ్చు ప్రతి ఉంది.

పాలకొల్లు:
ఏ అచ్చు? పీఠిక ఎవరిది?

అంతర్వేది:
ధీరశయనీయ ఇచ్చేయండి మాస్టారూ, ఈ గొడవే ఉండదు.

కడియం:
వ్యస్తాక్షరికి లిస్టే. తణుకు గారు ఇంకా ఒప్పుకోలేదు.