ధనుష్కోటికి మళ్లీ రైలు వేయాలా?

పట్టాలమనిషి:
రామేశ్వరం నుంచి ధనుష్కోటికి రైలు మార్గం తిరిగి వేస్తామని 2019లో శంకుస్థాపన చేశారు. సుమారు 17 కిలోమీటర్లు. పర్యావరణం దెబ్బతింటుందని తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకోలేదు. వేసి తీరాలన్నది నా వాదన. 1914లో రామేశ్వరం దీవిని ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ వంతెన వచ్చాక రైలు నేరుగా ధనుష్కోటి రేవు దాకా వెళ్లేది. దిగి స్టీమరు ఎక్కితే సిలోన్ (శ్రీలంక) ఒడ్డున తలైమన్నార్, అక్కడి నుంచి కొలంబోకు మరో రైలు. మద్రాసులో కొన్న ఒక్క టికెట్టు చాలు! అలాంటి స్టేషన్‌ను ఇసుకకు వదిలేస్తామా?

ఉప్పుగాలి:
అయ్యా, ఆ రైలు వెళ్లింది ధనుష్కోటి కోసం కాదు, సిలోన్ కోసం. స్టీమరు లేని ఆ స్టేషన్ గుర్రం లేని జట్కా. పైగా 1964 డిసెంబరు 22 రాత్రిని మరిచిపోయారా? ధనుష్కోటి ఇక కొద్ది దూరంలో ఉందనగా పాంబన్ ప్యాసింజరును ఉప్పెన మింగేసింది. వందమందికి పైగా పోయారు. నివాసానికి పనికిరాదని ప్రభుత్వమే ప్రకటించిన చోటు అది.

పట్టాలమనిషి:
అదే తుపానులో పాంబన్ వంతెన కూడా దెబ్బతిన్నది. రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో బాగుచేసింది. మనసుంటే ఇదీ అయ్యేది.

ఉప్పుగాలి:
వంతెనకు అవతల రామేశ్వరం ఉంది, యాత్రికులున్నారు. ఇక్కడ ఎవరున్నారు?

గవ్వలసంచి:
ఉన్నారండీ. ఆ మాట వినే రాస్తున్నాను. నేను వెళ్లి చూశాను. స్టేషన్ అంటే ఇప్పుడు పైకప్పు లేని నాలుగు గోడలు, వాటి నీడలో గవ్వల దండలు అమ్మే పాకలు. జాలరి కుటుంబాలు ఈనాటికీ అక్కడే ఉంటున్నాయి. ఇసుకలో గొయ్యి తవ్వి, ఊరిన మంచినీళ్లను చిన్న గిన్నెతో బిందెలోకి తోడుకుంటారు. రెండు పక్కలా సముద్రం, మధ్యలో తియ్యటి నీళ్లు! రైలు కన్నా ముందు వాళ్లకు కుళాయి రావాలి. మనబోటి చూడవచ్చేవాళ్లకు 2017 నుంచి కొన దాకా తారు రోడ్డు ఉండనే ఉంది.

పట్టాలమనిషి:
కుళాయి సంగతి ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. కానీ తలైమన్నార్ వైపు శ్రీలంక అంతర్యుద్ధంలో ఆగిన రైలు 2015లో తిరిగి వచ్చింది. అవతలి గట్టు సిద్ధంగా ఉంది కదా?

ఉప్పుగాలి:
అయితే స్టీమరు ఎవరు నడుపుతారో ముందు తేలనివ్వండి. పట్టాల మాట ఆ తర్వాత.