నాలుగేళ్ల పాపకు కాండైల్ ఫ్రాక్చర్: దవడలు కట్టాలా, కదిలించాలా?

దవడ సర్జన్: పాప గడ్డం నేలకు కొట్టుకునేలా పడింది. సీటీ స్కాన్‌లో కుడి కాండైల్ (చెవి ముందు పుర్రెతో కీలు కలిపే కింది దవడ పైకొన) తల కీలు సంచి లోపలే చితికింది. నోరు తెరిస్తే గడ్డం కుడికి లాగుతోంది, పళ్లు మాత్రం సరిగ్గానే కలుస్తున్నాయి. పై, కింది దవడలు కదలకుండా రెండు వారాలు వైరుతో కట్టేయడం మేలంటాను. ఈ వయసు పిల్లలు మాట వినరు, అన్నీ కొరుకుతారు.

పిల్లల దంతవైద్యం: పళ్లు కలుస్తున్నప్పుడు కట్టడం దేనికి సార్? చేతి ఎముక విరిగితే కదలకుండా కట్టే లెక్క ఇక్కడ పనికిరాదు. ఈ వయసులో కాండైల్ మెడ (తల కింది భాగం) పొట్టిగా, లావుగా ఉంటుంది. తల పైపొర పలచన, లోపల రక్తనాళాలు ఎక్కువ. అందుకే మెడ విరక్కుండా తల నలుగుతుంది. కీల్లో చేరిన రక్తం, ఎముక ముక్కలు కదలిక లేకుండా ఉండిపోతే అక్కడ కొత్త ఎముక పెరిగి దవడ పుర్రెకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. పైగా పిల్లల కాండైల్‌కు తనంతట తాను రూపు దిద్దుకునే శక్తి ఉంది. నొప్పికి పారాసెటమాల్, రెండు మూడు వారాలు జావ, పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ చాలు. నొప్పి తగ్గుతూనే అద్దం ముందు కూర్చోబెట్టి, గడ్డం మధ్యగీత దాటకుండా రోజుకు నాలుగైదు సార్లు నోరు తెరిపించాలి.

ట్రామా విభాగం: అసలు కట్టొద్దనడం కూడా సరికాదు మేడమ్. రెండు కాండైల్సూ విరిగి ముందుపళ్లు కలవకపోతే 7–10 రోజులు కట్టి, తర్వాత రబ్బరు బ్యాండ్లకు మార్చాలి. ఎలా కట్టాలన్నదే అసలు చిక్కు. పొట్టి పాలపళ్ల మీద ఆర్చ్ బార్ (పళ్ల వరసకు వైరుతో కట్టే లోహపు పట్టీ) జారిపోతుంది, వైరు లాగితే పన్నే ఊడొచ్చు. స్క్రూలు శాశ్వత పళ్ల మొగ్గలకు తగులుతాయి. పళ్ల అచ్చు తీసి అక్రిలిక్ స్ప్లింట్ (పళ్లకు తొడిగే గట్టి ప్లాస్టిక్ తొడుగు) చేసి, కింది దవడ చుట్టూ వైరుతో బిగించడం నయం. ఇక కోసి సరిచేయడానికి 1983లో జైడ్, కెంట్ అనే సర్జన్లు చెప్పిన కారణాల్లో ఒకటైనా ఉండాలి: కాండైల్ పుర్రె లోపలికి దూరడం, కీలు సంచి దాటి బయటి పక్కకు జరగడం, కీల్లో బయటి వస్తువు దిగడం, కట్టినా పళ్లు కలవకపోవడం. లేకుంటే ముఖ నరాన్ని ప్రమాదంలో పెట్టినట్టే.

దవడ సర్జన్: ఈ పాపకు కట్టు వద్దంటే సరే. కానీ ఊరెళ్లాక వ్యాయామం ఎవరు చేయిస్తారు? నొప్పి పోగానే మానేస్తారు, మళ్లీ వచ్చేసరికి నోటిలో వేలు పట్టదు.

పిల్లల దంతవైద్యం: ఐస్‌క్రీం పుల్లలు ఇచ్చి పంపండి. పై, కింది పళ్ల మధ్య ఎన్ని పుల్లలు పడుతున్నాయో తల్లి వారంవారం రాసుకోవాలి. ఒక్కటి తగ్గినా వెంటనే తీసుకురమ్మనండి. తొలి మూడు నెలలు నెలకోసారి, ఆపైన ఎదుగుదల ఆగేదాకా ఏటా చూడాలి. గడ్డం కుడికి వంకర పోవడం ఏళ్ల తర్వాతే బయటపడొచ్చు.